డబ్బింగమ్మ క్షమించలేదు

డబ్బింగమ్మ పోయిన కబురు నాకు సౌండన్న ఫోన్‌లో చెప్పాడు. అప్పుడు నేను షెల్టర్‌లో పిల్లుల ఇసుక తొట్లు కడుగుతున్నాను. "చెల్లె, అమ్మ పోయింది. జర కూసో" అన్నాడు. నేను కూర్చోలేదు. చేతిలో ఉన్న తొట్టి పూర్తిగా కడిగి, ఎండలో బోర్లించి, చేతులు సబ్బుతో కడుక్కుని, అప్పుడు ఏడ్చాను. పని సగంలో వదిలేసి ఏడిస్తే ఆమె ఊరుకునేది కాదు.

ఫిల్మ్ నగర్‌లో పాతవాళ్లందరికీ ఆమె తెలుసు. మీకూ తెలుసు, తెలియదనుకుంటున్నారు గానీ. తెర మీద హీరో తల్లి గుండెలు బాదుకుంటే మీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి చూడండి, ఆ ఏడుపు ఆమెదే అయ్యుంటుంది. ముఖం ఇంకొకరిది, గొంతు ఆమెది. గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రిస్టియన్ల అమ్మాయి. చర్చిలో పాడే గొంతుతో డబ్బింగ్ థియేటర్‌లో అడుగుపెట్టి, అక్కడే ముసలిదైంది. తర్వాత తన ఇంటి వెనక కారు షెడ్డును పిల్లుల షెల్టర్‌గా మార్చింది. నేను, సౌండన్న, ఇంకొందరం వీలైన పూటల్లో అక్కడ పనిచేస్తాం. సౌండన్న అంటే ఆమె గొంతును ఏళ్లతరబడి రికార్డు చేసిన ఇంజినీరు. మా బోరబండవాడే. వచ్చినప్పుడల్లా పిల్లులకు చేపలు కోసిపెడతాడు.

ఆమె పోయిన మర్నాటికే వీధి మలుపులో ఫ్లెక్సీ లేచింది. ఒక మూల చిన్నగా ఆమె ఫొటో, పక్కన చేతులు జోడించిన నిర్మాతగారి నిలువెత్తు ఫొటో. పోయింది ఎవరో తెలియనివాళ్లు ఆయనకే దండం పెట్టుకుని వెళ్లేటట్టుంది. సంస్మరణ సభ ఆదివారం అనీ, నిర్మాతగారు ప్రసంగిస్తారనీ కింద రాసి ఉంది. చచ్చినవాళ్ల కళ్లు చారెడంటారు కదా, ఆ కళ్లకు కాటుక దిద్దడానికి ఈయన బయల్దేరారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆయన్ను నేను "గారు" అనే రాస్తాను, ఏమనుకోకండి. అమ్మ అలాగే అనేది. "తిట్టేటప్పుడు మర్యాద తప్పకూడదమ్మా, మర్యాదగా తిడితేనే లోపలికి దిగుతుంది" అని ఆమె సిద్ధాంతం.

ఆస్పత్రిలో చివరిసారి చూసినప్పుడు ఆమె ముక్కు దగ్గరి ఆక్సిజన్ గొట్టం పక్కకి జరిపి మరీ మాట్లాడింది. "నేను పోయాక ఆయనగారు వస్తారు చూడు. నలుగుర్లో మైకు పట్టుకుని, అమ్మ నన్ను క్షమించింది అంటారు. అననివ్వకు."

"గిప్పుడు గవన్ని ఎందుకమ్మా? జర పండుకోండి" అన్నాను.

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడు, వచ్చే జన్మలోనా? మాకు అది కూడా లేదు" అంది. కాసేపు ఊపిరి తీసుకుని, "జీవితమంతా ఊళ్లోవాళ్ల నోళ్లకి నా గొంతు పెట్టాను. నా నోటికి ఆయన గొంతు పెట్టనివ్వకు" అంది. నేను ఆమె చేతిలో చెయ్యేసి మాటిచ్చాను. ఎలా నిలబెట్టుకోవాలో మాత్రం నాకు తెలియదు. నేను కాస్ట్యూమ్ డిపార్ట్‌మెంట్‌లో కుట్టుమిషన్ తొక్కే మనిషిని. ఆయన ఫోన్ చేస్తే పెద్దపెద్దవాళ్లు లేచి నిలబడి మాట్లాడతారు.

ఇంతకీ ఆయన చేసిందేమిటో చెప్పాలంటే, నేను ఆమెను మొదటిసారి చూసిన రోజు దగ్గరికి వెళ్లాలి. మా ఇల్లు బోరబండలో గుట్ట మీద. కింద రైలు పట్టాల పక్కన ఒక పాత గోడ ఉంటుంది. ఒక పొద్దున గంజి పెట్టిన నేత చీర కట్టుకున్న పెద్దావిడ ఆ గోడ ముందు నిలబడి, చేతిలో స్టీలు పళ్లెంతో, గొంతులోంచి ఏదో వింత చప్పుడు చేస్తోంది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. షూటింగ్ ఏమోనని కెమెరా కోసం చుట్టూ చూశాను.

"ఏందమ్మా, ఏం దేవులాడుతున్నరు?" అని అడిగాను.

"పిల్లులండీ. మా వీధి పిల్లులు. ఆ గోడ మీద ఎర్రది చూశారా, అది రోజూ నా ఒళ్లో పడుకునేదండీ. ఇప్పుడు పిలిస్తే పారిపోతోంది."

ఆమె మళ్లీ పిలిచింది. తల్లిపిల్లి కూనల్ని దగ్గరికి రమ్మన్నప్పుడు గొంతులో చేసే చప్పుడు అది. ఎంత చక్కగా చేసిందంటే, వెళ్లి ఆ ఒళ్లో కూర్చోవాలని నాకే అనిపించింది. గోడ మీది ఎర్రది మాత్రం చెవులు వెనక్కి విరుచుకుని, ఆమె వంక ఒక్క చూపు చూసి, అవతలికి దూకేసింది. ఆమె పళ్లెం కింద పెట్టి అక్కడే మెట్ల మీద కూలబడింది. నేను నీళ్లు తెచ్చి ఇచ్చాక జరిగింది చెప్పింది.

నిర్మాతగారు వాళ్ల వీధిలో కొత్త ఆఫీసు తెరిచి పెద్ద సినిమాకి ముహూర్తం పెట్టుకున్నారు. పిల్లి ఎదురొస్తే పని చెడుతుందని మన సినిమావాళ్ల భయం మీకు తెలియంది కాదు. కంప్యూటర్‌లో సముద్రాలు పుట్టించేవాళ్లు కూడా పిల్లి కనిపిస్తే కారు వెనక్కి తిప్పుతారు. ఆ వీధి నిండా పిల్లులే, ఎందుకంటే డబ్బింగమ్మ వాటికి రోజూ అన్నం పెట్టేది. ఆఫీసు కుర్రాళ్లు పట్టుకోబోతే ఒక్కటీ చిక్కలేదు. అందుకని నిర్మాతగారే స్వయంగా ఆమె గుమ్మంలోకి వచ్చారు. "అమ్మా, మన సినిమాలో పిల్లులన్నీ ఒక్కచోట చేరే షాట్ ఒకటుంది. మీరు పిలిస్తే వస్తాయంట కదా. ఒక్కసారి పిలవండమ్మా, షాట్ అవ్వగానే తెచ్చి వదిలేస్తాం" అన్నారు.

"మా వాటికి వేషం దొరికిందని మురిసిపోయానండీ" అంది ఆమె నాతో. "నేను నలభై మందికి గొంతిచ్చినా నా ముఖం ఎవరూ అడగలేదు. వీటి ముఖమైనా తెర మీద కనిపిస్తుంది అనుకున్నాను."

వ్యాను వెనక నిలబడి పిలిచింది. కార్ల కిందనుంచి, ప్రహరీల మీదనుంచి, నీళ్ల ట్యాంకుల వెనకనుంచి అన్నీ వచ్చాయి. ఆమె కాళ్లకు ఒళ్లు రాసుకుంటూ చేరాయి. "కెమెరా ఏది బాబూ?" అని అడుగుతుండగానే వలలు పడ్డాయి. గోనెసంచుల మూతులు బిగించి వ్యానులోకి విసిరారు. మర్నాడు ముహూర్తానికి వీధిలో ఒక్క పిల్లి లేదు, కొబ్బరికాయ చక్కగా పగిలింది. షాటూ లేదు, పాడూ లేదు. సంచులు తీసుకెళ్లి బోరబండ అవతల పట్టాల పక్కన విప్పేశామని తర్వాత వ్యాను డ్రైవరే ఒప్పుకున్నాడు.

కొన్ని రైలు కింద పోయాయి. కొన్ని కుక్కల పాలయ్యాయి. మిగిలినవి ఆమె గొంతు వింటే చాలు పారిపోయేవి. ఆ గొంతు పిలిస్తేనే కదా సంచిలో పడ్డాయి. "కర్రలతో కొట్టి పట్టుకెళ్లినా ఇంత ఏడ్చేదాన్ని కాదండీ. నా నోటితో పట్టించారు" అంది. నాకప్పటికి పిల్లులంటే పెద్ద ప్రేమేం లేదు. కానీ ఆ మాటకు నా కడుపులో అగ్గి పుట్టింది. ఆ రోజు నుంచి ఆమెతో కలిసి పట్టాల వెంట తిరిగాను. బోన్లలో ఎండుచేప పెట్టి, దొరికినవాటిని దొరికినట్టు తెచ్చాం. ఎర్రది దొరకలేదు. తెచ్చినవి వీధిలో మళ్లీ వదలడానికి ఆమెకు ధైర్యం చాలక షెడ్డులో పెట్టింది. మా షెల్టర్ అలా మొదలైంది.

మా దగ్గర పనికి వచ్చే ప్రతి వాలంటీరుకూ మొదట చెప్పే నియమం, పిల్లిని నోటితో పిలవకూడదు. అన్నం వేళకు స్టీలు పళ్లెం మీద గరిటెతో కొడతాం, అంతే. డబ్బింగమ్మ మళ్లీ ఎన్నడూ ఆ పిలుపు పిలవలేదు. కొత్తగా వచ్చే కాలేజీ పిల్లలు ఫోన్లు పట్టుకుని "సో క్యూట్" అంటూ గుమ్మం దాటేలోపే వాళ్ల చేతిలో ఇసుక జల్లెడ పెట్టేది. "ముందు మూత్రం, తర్వాత ముద్దు" అనేది. సగం మంది ఆ పూటే మాయమయ్యేవాళ్లు. మిగిలినవాళ్లకు కంట్లో మందు ఎలా వేయాలో, తువ్వాలులో చుట్టి మాత్ర ఎలా మింగించాలో ఓపికగా నేర్పేది. నేను షూటింగుల్లో మిగిలిన గుడ్డముక్కలన్నీ తెచ్చి పరుపులు కుట్టేదాన్ని. మా షెల్టర్‌లో కుంటి పిల్లులు కూడా రాజుగారి పట్టు అంగరఖా మీద పడుకుంటాయి. సూది మందు ఇచ్చేటప్పుడు ఆమె గయ్యాళి అత్తగారి గొంతు తీసి, "ఏమ్మా కోడలా, కదిలావంటే చూడు" అని బెదిరించేది. పశువుల డాక్టరు నవ్వాపుకోలేక సూది పక్కన పెట్టేసేవాడు.

ఇక పగ సంగతి. చర్చిలో పాస్టరుగారు ఆమెకు చాలాసార్లు నచ్చజెప్పారు, శత్రువుల సంగతి దేవుడికి వదిలెయ్యమ్మా అని. "దేవుడికి పెద్ద పనులున్నాయండీ, ఈ చిన్నది నేను చూసుకుంటాను" అని చెప్పి వచ్చేసింది.

చూసుకుంది కూడా. అప్పటికే షూటింగ్ అయిపోయిన ఆయన ముందు సినిమాలో హీరో తల్లికి ఆమె గొంతు. ఇంటర్వెల్ దాకా డబ్బింగ్ చెప్పింది. సంచుల సంగతి జరిగాక మిగతా సగం చెప్పనంది. నిర్మాతగారు మనుషుల్ని పంపారు, పళ్లబుట్టలు పంపారు, ఆఖరికి తానే వచ్చారు. తలుపు తీయలేదు. ఇంకెవరితోనో చెప్పించారు. థియేటర్లో ఇంటర్వెల్ తర్వాత తల్లి నోరు విప్పగానే జనం ఒకటే నవ్వులు, కొడుకు శవం మీద పడి ఏడుస్తున్న సీన్లో. నేనూ అమ్మా బాల్కనీలో కూర్చుని చూశాం. ఆమె మొక్కజొన్న పేలాలు తింటూ చాలా శ్రద్ధగా చూసింది.

తర్వాత ఆయన ఏ సినిమా మొదలుపెట్టినా సరే, ముహూర్తం వేళకు డబ్బింగమ్మ చంకలో ఒక నల్ల పిల్లిని పెట్టుకుని ఆయన కారుకు అడ్డంగా రోడ్డు దాటేది. నింపాదిగా, చర్చికి వెళుతున్నంత నింపాదిగా. ఆయన ఆఫీసు జూబ్లీహిల్స్‌కి మారిస్తే ఆటో ఎక్కి మరీ వెళ్లేది. కారు వెనక్కి తిరిగేది, ముహూర్తం జారిపోయేది. ఒకసారి ఆయన అద్దం దించి, నలుగురూ వినేట్టు, "పిల్లి శాపాలకు ఉట్లు తెగవమ్మా" అన్నారు. "తెగవు బాబూ, అందుకే కత్తెర కూడా తెచ్చుకున్నాను" అని ఈమె దాటుకుంటూ వెళ్లిపోయింది. ఆ కత్తెర ఏమిటా అని ఆయన ఎన్ని రాత్రులు నిద్ర మానుకున్నారో. ఆయన సినిమాలు వరసగా పోయాయి. కథలు బాగాలేక పోయాయి, అది నాకూ తెలుసు. కానీ ఊరంతా డబ్బింగమ్మ ఉసురు అనుకుంది, ఆమె కాదనలేదు.

అందుకే ఆయనకు ఆమె క్షమ కావలసి వచ్చింది. ఒకరోజు తెల్లబట్టల్లో, వెనక ఫొటోగ్రాఫరుతో షెల్టర్‌కి వచ్చారు. ఒక పిల్లి పిల్లను ఎత్తుకుని ఫొటో దిగి, "జరిగిందేదో జరిగిపోయిందమ్మా, నన్ను క్షమించానని ఒక్క మాట అనండి" అన్నారు. అమ్మ ఆయన చేతిలోంచి పిల్లను తీసుకుని గూట్లో పెట్టింది.

"క్షమించాల్సింది నేను కాదండీ, సంచుల్లో పోయినవి. వాటినడగండి" అంది.

"అవి ఎలా చెబుతాయమ్మా? వాటి తరఫున మీరే చెప్పాలి."

"అందరికీ డబ్బింగ్ చెప్పాను గానీ, వాటికి మాత్రం చెప్పను. వచ్చారు కాబట్టి రెండు తొట్లు కడిగి వెళ్లండి" అని జల్లెడ అందించింది. నిర్మాతగారు తన తెల్ల చొక్కా వంక చూసుకుని, ఏదో ఫోన్ వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని వెళ్లిపోయారు.

నాకు చిన్నప్పటి నుంచీ కోపం ఎక్కువ. ఇంట్లో, అత్తగారింట్లో, సెట్‌లో అందరూ "ఆడదానికి గింత కోపమేంది" అన్నవాళ్లే. ఒక్క ఆమె మాత్రం నా కోపాన్ని పనిలో పెట్టింది. వానలో, జ్వరంలో ఆమె పిల్లుల అన్నం వేళ తప్పించకపోవడం చూసి, ఇంత మంచితనం ఎక్కడినుంచి వచ్చిందమ్మా మీకు అని ఒకసారి అడిగాను. "మంచితనంతో షెల్టర్లు నడవవమ్మా, అది త్వరగా అలిసిపోతుంది. పగ అలిసిపోదు. పొద్దున లేవగానే ఆయనగారి ముఖం గుర్తొస్తుంది, వెంటనే లేచి అన్నం వండుతాను" అంది. ఆమె నాకు ఇచ్చిన వాటన్నిటిలో ఈ మాటకే ఎక్కువ రుణపడి ఉన్నాను.

ఇప్పుడు మీకు నా ఫ్లెక్సీ మంట అర్థమయ్యే ఉంటుంది. నేను తిన్నగా సభ జరిపే డబ్బింగ్ కళాకారుల సంఘం సెక్రటరీ దగ్గరికి వెళ్లాను. నిర్మాతగారిని మాట్లాడనివ్వొద్దు, ఇది అమ్మ ఆఖరి కోరిక అని చెప్పాను.

"హాల్ ఇప్పించిందే ఆయన. ఆయన్నెట్ల ఆపుతం? పెద్దాయన, రెండు మంచి మాటలు చెప్తడు, ఏం పోతది?" అన్నాడు సెక్రటరీ. ఏం పోతుందో వివరించాను. ఆయన గడియారం చూసుకున్నాడు. బయటికి వచ్చి షెల్టర్‌లో చేపలు కోస్తున్న సౌండన్న పక్కన కూలబడి, మాట తప్పేటట్టున్నానని ఏడ్చాను. అన్న కత్తి ఆపకుండా అంతా విన్నాడు. "సభకు సౌండ్ నాదే గద చెల్లె. ఫికర్ చెయ్యకు" అన్నాడు. ఏం చేస్తావని అడిగితే, పిల్లులకు తలకాయలు వేరే గిన్నెలో పెట్టమన్నాడు.

ఆదివారం హాలు నిండింది. డబ్బింగ్ చెప్పే తోటి ఆడవాళ్లు మాట్లాడారు, పాస్టరుగారు మాట్లాడారు, మైకు గంటలా మోగింది. ఆఖరున నిర్మాతగారు లేచారు. దండ వేసిన ఆమె ఫొటో పక్కన నిలబడి కళ్లు మూసుకున్నారు. "ఆమె నాకు తల్లిలాంటిది. కన్నుమూసే ముందు ఆమె నన్ను" అన్నారు. అక్కడితో హాల్లోని స్పీకర్లు ఆగిపోయాయి.

వేదిక మీద ఆయన కాళ్ల దగ్గర ఉండే చిన్న స్పీకరు మాత్రం సౌండన్న ఆపలేదు. ఆయన గొంతు ఆయనకు చక్కగా వినిపిస్తోంది. కాబట్టి ఆయన ఆపలేదు. చేతులు ఊపారు, గుండె మీద చెయ్యి వేసుకున్నారు, కళ్లు తుడుచుకున్నారు. ముందు వరసలో పెద్దలు ఫోన్లు చూసుకుంటున్నారు. వెనక వరసల్లో ఒక్క అక్షరం వినపడలేదు. నేను సౌండన్న దగ్గరికి నడిచి వెళ్లాను. చేతులు కట్టుకుని పైకప్పు చూస్తున్నాడు. "లైన్ల ఏదో గడ్‌బడ్ ఉన్నట్టుంది చెల్లె" అన్నాడు. సభను వీడియో తీస్తున్న కెమెరాలకు వెళ్లే శబ్దం కూడా అన్న చేతుల్లోంచే వెళుతుందని నాకు అప్పటికి తెలియదు.

ఆ సంగతి నిర్మాతగారి ఆఫీసుకు మర్నాడు తెలిసింది. వీడియోలో అందరి మాటలూ ఉన్నాయి, ఆయనవి మాత్రం "ఆమె నన్ను" దగ్గర ఆగిపోయాయి. ఆ ప్రసంగం కోసమే కదా ఆయన ఇంతా చేసింది. ఇంటి దగ్గర ఇంకోసారి మాట్లాడి రికార్డు చేసుకోవచ్చు కదా అంటారేమో. మరి ఆ జనం ఎక్కడినుంచి వస్తారు, ఆ దండ వేసిన ఫొటో, ఆ కన్నీళ్లు మళ్లీ ఎక్కడినుంచి వస్తాయి? ఆయన సినిమా మనిషి, సినిమా మనిషికి తోచిన ఉపాయమే తోచింది. తన ప్రసంగానికి తానే డబ్బింగ్ చెప్పుకుంటానని సౌండన్న పనిచేసే డబ్బింగ్ థియేటర్ బుక్ చేయించారు. సౌండన్న నాకు ఫోన్ చేశాడు, "రా చెల్లె, చూద్దువు గానీ."

పరుపు కుట్టుపని చేతపట్టుకుని వెళ్లి, అద్దం ఇవతల అన్న పక్కన కూర్చున్నాను. అద్దం అవతల, అమ్మ ఏళ్లతరబడి నిలబడిన చోట, నిర్మాతగారు హెడ్‌ఫోన్లు పెట్టుకుని నిలబడ్డారు. ఎదురుగా తెర మీద ఆయన ముఖమే, గోడంత. "ఆమె నాకు తల్లిలాంటిది" వరకు బాగానే వచ్చింది. "క్షమించింది" అని ఆయన అనేసరికి తెర మీది నోరు ఇంకేదో మాటలోకి వెళ్లిపోయింది.

"సింక్ కుదురుతలేదు సార్. మళ్లొకసారి" అన్నాడు సౌండన్న.

మళ్లీ చెప్పారు. తొందరపడ్డారు. మళ్లీ చెప్పారు. వెనకబడ్డారు. చేతిలో కాగితం లేకుండా, తోచింది తోచినట్టు అన్న మాటలవి. చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది. నాకు జాలి కలిగిందా అని అడగకండి. నేను కుట్టు విప్పి మళ్లీ కుట్టుకుంటున్నాను, ఇంటికి త్వరగా వెళ్లాలని లేక.

చాలాసేపటికి ఆయన హెడ్‌ఫోన్లు కిందికి లాగి, అద్దానికి దగ్గరగా వచ్చి, తెర వైపు వేలు చూపించారు.

"ఇక్కడ నేను ఆమె గురించి ఏమన్నానయ్యా?"

"మీకే తెల్వాలె సార్" అన్నాడు సౌండన్న.

ఆయన వెనక్కి తిరిగి తెర వంక చూస్తూ నిలబడిపోయారు. గోడంత ముఖం మీద నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. ఆయన దాన్నే చూస్తూ, ఒక్కొక్క కదలికకూ పెదాలు కలపాలని ప్రయత్నిస్తున్నారు.